ఘాట్ రోడ్డు మీద తాడు కట్టి జీపును లాగనివ్వకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మన హైదరాబాద్ కుర్రవాళ్ల ఆఫ్‌రోడింగ్ (రోడ్డు లేని చోట జీపులు నడపడం) మీద ఆదివారం సంచికలో మీరు వేసిన వ్యాసం చదివాను. బురదలో దిగిన జీపులు, బండరాళ్ల మీదికి ఎక్కిన జీపులు, ఫొటోలన్నీ బాగున్నాయి. ఏ టైర్లు వేయించుకోవాలి, వించి (ఇరుక్కున్న బండిని తీగ చుట్టి బయటికి లాగే యంత్రం) ఎక్కడ బిగించుకోవాలి, తోడుగా ఎన్ని బండ్లు వెళ్లాలి అన్నీ రాశారు. ఆ బండి కొండమీద చెడిపోతే ఇంటికి ఎలా తెచ్చుకోవాలో మాత్రం ఒక్క వాక్యం లేదు. నా భయమంతా అక్కడే ఉంది. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అవుతుంది. చోటు చాలక కొంత తీసేయాల్సి వస్తే నా సొంత సంగతులు తీసేయండి, బ్రేకుల సంగతులు ఉంచండి.

నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం అచ్చంపేట డిపోలో, శ్రీశైలం రూటు మీదే గడిచింది. ఇప్పుడు ఎల్బీ నగర్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి ఆటోనగర్‌లో రికవరీ వ్యాన్లు, అంటే చెడిపోయిన బండ్లను తీసుకొచ్చే వ్యాన్లు ఉన్నాయి. ఈ సంగతి ముందే చెప్పడం న్యాయం. లేకపోతే కొడుకు గిరాకీ కోసం రాశాడని ఎవరైనా అనుకోవచ్చు. ఎవరి వ్యానునైనా పిలవండి, మీ ఊరి వ్యానునే పిలవండి, నాకు అభ్యంతరం లేదు. ఘాట్‌లో తాడు మాత్రం కట్టకండి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకో వివరంగా చెబుతాను.

కిందటి వానాకాలం డ్యాం గేట్లు ఎత్తారని తెలిసి ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్లాం. దర్శనం అయ్యాక సున్నిపెంట దాటి లింగాలగట్టు వైపు దిగుతున్నాం. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మలుపు తిరిగితే మళ్లీ మలుపు. గేట్లు ఎత్తిన రోజుల్లో ఎక్కడపడితే అక్కడ కార్లు ఆపి ఫొటోలు తీసుకుంటారు కాబట్టి రోడ్డు సగమే మిగులుతుంది. మా ముందు ఒక పెద్ద ఎస్‌యూవీ, దాని వెనక ఒక పాత జీపు, రెండింటి మధ్య నీలం రంగు నైలాన్ తాడు. జీపులో స్టీరింగ్ పట్టుకున్న అబ్బాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఇంజిన్ ఆగిపోయి ఉంది. వెనక బ్రేకు లైట్లు కూడా వెలగడం లేదు.

మలుపు దగ్గర ఎస్‌యూవీ నెమ్మదించింది. తాడు వదులై రోడ్డు మీద పడింది. జీపు దాని మీదికి వచ్చేస్తోంది. ఆ అబ్బాయి సీటులోంచి లేచి నిలబడినంత పని చేసి బ్రేకు తొక్కుతున్నాడు. జీపు ముందు చక్రం తాడు మీదికి ఎక్కింది. అదేమీ తెలియని ముందు బండి డ్రైవరు మళ్లీ వేగం పెంచాడు. తాడు ఒక్కసారిగా బిగిసి జీపు ముక్కును లోయ వైపు తిప్పేసింది. పిట్టగోడకు తగిలి ఆగింది. బ్రేకు లైనర్లు కాలిన వాసన మా కారులోకి వచ్చింది.

మా అబ్బాయిని వెనక మలుపు దాకా పంపి వచ్చే బండ్లను ఆపించాను. చక్రాల ముందు రాళ్లు పెట్టించాను. పిల్లలు నలుగురూ వణికిపోతున్నారు. "బిడ్డా, ఇట్ల ఎంత దూరం పోదామని?" అని అడిగాను. "హైదరాబాద్ దాకా అంకుల్, మెల్లగా పోతాం" అన్నారు. రెండు వందల కిలోమీటర్ల పైమాటే! ఇంత తొందరేమిటంటే, "తొమ్మిదింటికి గేటు మూస్తరు కదా అంకుల్" అన్నాడు ఒకడు. అది డ్యాం గేటు కాదు, అడవి చెక్‌పోస్టు గేటు. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను, అసలు సమస్యకు మూలం అక్కడే ఉంది. ఆ రోజు జీపును కాస్త వెడల్పున్న చోటికి జరిపించి, తాడు విప్పించాం. మర్నాడు పొద్దున వ్యాను వచ్చేదాకా ఆ పిల్లల్లో ఒకడు జీపులోనే పడుకున్నాడు. కదిలేముందు రాళ్లు తీసి రోడ్డు అవతల పడేయించాను. చక్రాలకు పెట్టిన రాళ్లను రోడ్డు మీదే వదిలేసి వెళ్లేవాళ్లు చాలామంది. చీకట్లో ఆ రాయి మీదికి బైకు ఎక్కితే ఏమవుతుందో ఆలోచించరు.

ఇక తాడు సంగతి. తాడుకు లాగడం ఒక్కటే తెలుసు. ఎక్కేటప్పుడు ఎలాగో పని జరుగుతుంది. దిగేటప్పుడు ముందు బండి బ్రేకు వేస్తే వెనక బండికి ఆ సంగతి తాడు ద్వారా చేరదు. వెనక బండి తన బరువును తనే ఆపుకోవాలి. ఆపుకోవడానికి దాని దగ్గర ఏముంది? ఇంజిన్ నడవడం లేదు. ఈ రోజుల్లో బండ్లకు బ్రేకు పెడల్ మెత్తగా తొక్కుడు పడేది వాక్యూమ్ బూస్టరు (గాలి పీల్చేసిన డబ్బా, మన తొక్కుడుకు బలం కలుపుతుంది) వల్ల. ఆ వాక్యూమ్ ఇంజిన్ నడిస్తేనే తయారవుతుంది. ఇంజిన్ ఆగాక మిగిలి ఉన్నది రెండు మూడు తొక్కులకే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగూ ఉండదు, చక్రం తిప్పాలంటే భుజాలు పడిపోతాయి. తాళంచెవి తీసేశారంటే స్టీరింగ్ లాకే పడిపోతుంది. ఇంజిన్ బ్రేకింగ్, అంటే గేరులో ఉన్న ఇంజిన్ బండి వేగాన్ని పట్టి ఉంచడం, అసలే లేదు, ఎందుకంటే లాగడానికి వీలుగా బండిని న్యూట్రల్‌లో పెట్టి ఉంచుతారు. ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగేవాడికి డ్రైవింగ్ రాదని మా డిపోలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చెప్పేవాళ్లం. తాడు కట్టిన జీపు మొదటి నుంచి చివరి దాకా న్యూట్రల్‌లోనే దిగుతుంది.

ఆ పిల్లల తాడు ఇంకో రకంగా కూడా ప్రమాదం. అది బురదలో ఇరుక్కున్న బండిని పైకి లాగడానికి చేసిన సాగే తాడు. సాగి, ఆ సాగుడులో దాచుకున్న బలంతో ఒక్క గుంజు గుంజి బండిని బయటికి తెస్తుంది. బురదలో దానికి మించినది లేదు. రోడ్డు మీద అదే గుణం శత్రువవుతుంది. వదులైన ప్రతిసారీ మళ్లీ బిగిసేటప్పుడు జెర్కు ఇస్తుంది. బంపరుకు కట్టిన కొక్కెం ఊడితే ఆ ఇనుప ముక్క అద్దం పగలగొట్టుకుని లోపలికి వస్తుంది. కొందరు తాడు బదులు ఇనుప రాడ్డు కడతారు. వెనక బండి వచ్చి గుద్దకపోవచ్చు, కానీ రెండు బండ్ల బరువూ ముందు బండి బ్రేకుల మీద పడుతుంది. వంపులో తిరిగేటప్పుడు వెనక బండి రాడ్డుతో ముందు బండి తోకను పక్కకు తోస్తుంది. తడి రోడ్డు మీద ఆ తోపుడుకు ఎస్‌యూవీ అడ్డం తిరగడం పెద్ద విషయం కాదు.

బరువు లెక్క ఒకసారి చూద్దాం. జిమ్నీ లాంటి చిన్న బండే సుమారు 1200 కిలోలు. థార్ దానికన్నా అర టన్ను బరువెక్కువ. లాగే ఎస్‌యూవీ, మనుషులు, టెంట్లు, వించి, అదనపు టైర్లు అన్నీ కలిపితే రెండు బండ్లూ నాలుగు టన్నులకు తక్కువ ఉండవు. ఏదో ఒక ఘాట్‌లో 400 మీటర్ల ఎత్తు దిగామనుకోండి. ఆ నాలుగు టన్నులు కిందికి దిగడంలో పుట్టే శక్తి ఎక్కడికో పోవాలి కదా. అదంతా బ్రేకుల్లోకే వెళ్తే, ఆ వేడితో 50 లీటర్ల నీళ్లు మరిగిపోతాయి. ఇందులో గాలి కొంత తీసుకుంటుంది, గేరులో ఉన్న ఇంజిన్ చాలావరకు తీసుకుంటుంది. గేరులో లేని బండి తన వాటా మొత్తం తన ప్యాడ్‌లకు, డ్రమ్ములకు ఇస్తుంది. అవి కాలి పట్టు తప్పుతాయి. వేడి బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. మామూలు డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగొచ్చు. మరిగిన ఆయిల్లో ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ నేల దాకా వెళ్లిపోతుంది, బండి మాత్రం ఆగదు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని ఆ పిల్లలను అడిగితే ముఖముఖాలు చూసుకున్నారు. టైర్లకు లక్షలు పెట్టిన బండి అది.

ఆర్టీసీలో మాకు నేర్పిన సూత్రం చిన్నదే. ఏ గేరులో ఘాట్ ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. దిగడం మొదలుపెట్టకముందే గేరు తగ్గించుకో, సగం దారిలో తగ్గించుకుందామని చూడకు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకు, తొక్కి వేగం తగ్గించి వదిలేయి, చల్లారనివ్వు. ఈ సూత్రంతో నిండు బస్సులను దింపాం. తిరుమల వెళ్లినవాళ్లకు తెలిసే ఉంటుంది. అక్కడ ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం పెట్టారు. ఎక్కడం కంటే దిగడానికే ఎక్కువ సమయం! ఘాట్ గురించి తెలిసినవాళ్లు పెట్టిన నియమం అది. అంతకంటే వేగంగా వస్తే జరిమానా. శ్రీశైలానికి, అరకు ఘాట్‌కు, మారేడుమిల్లి ఘాట్‌కు అలాంటి ఏర్పాటు ఎందుకు లేదని నేను చాలాసార్లు అనుకున్నాను.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ దిగుతూ బస్సు లోయలో పడింది. 60 మంది దాకా చనిపోయారు. ఆ రోజు టీవీ ముందు కూర్చుని అన్నం ముట్టలేకపోయాను. ఆ బస్సులో ఎక్కాల్సిన వాళ్లకంటే ఎంతోమంది ఎక్కువ ఉన్నారు. బరువు, వాలు, బ్రేకు, ఈ మూడింటి లెక్క తప్పితే దారి ఎంత చిన్నదైనా, డ్రైవరు ఎంత పాతవాడైనా లాభం లేదు. తాడు కట్టినప్పుడు ఈ మూడు లెక్కలూ ఒకేసారి తప్పుతాయి.

ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు ఇంకో చిక్కు ఉంది. ఇది డబ్బుకు సంబంధించినది. ప్రాణాల తర్వాత మాటే అయినా చెప్పాలి. థార్, గూర్ఖా, జిప్సీ లాంటి వాటికి గేర్‌బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచేది అదే. బురదలో ఫోర్ వీల్ వేసుకుని, అలాగే మరిచిపోయి లాగారంటే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. తారు రోడ్డు మీద, మలుపుల్లో ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు. ఆ తేడా ఎక్కడికీ పోలేక గొలుసులూ గేర్లూ అరుగుతాయి. ఫోర్ వీల్ తీసి న్యూట్రల్‌లో పెట్టినా అయిపోలేదు. చాలా గేర్‌బాక్సుల్లో ఇంజిన్ నడుస్తుంటేనే ఆయిల్ పైకి చిమ్మి బేరింగులను తడుపుతుంది. ఇంజిన్ ఆగి చక్రాలు మాత్రం తిరుగుతుంటే వెనక షాఫ్టు ఎండు బేరింగుల మీద తిరుగుతుంది. అందుకే కంపెనీ పుస్తకంలో ఎంత దూరం, ఎంత వేగం, ఏ లీవరు ఎక్కడ అని రాసి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసుకే న్యూట్రల్ ఉన్న బండి అయితే అందులో పెట్టాలి, లేకపోతే ప్రొపెల్లర్ షాఫ్టు (ఇరుసుకు బలం తీసుకెళ్లే కడ్డీ) విప్పాలి. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం వెళ్లే బండ్లను, ఆటోమేటిక్‌లను నేల మీద లాగనే కూడదు. నాలుగు చక్రాలూ నేలకు పైన ఉండాలి. ముందు చక్రాలు మాత్రమే ఎత్తి లాక్కుపోయే చిన్న క్రేను కూడా వీటికి పనికిరాదు. తాడుతో మిగిలిందనుకున్న వ్యాను ఖర్చు కంటే గేర్‌బాక్సు బిల్లు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆటోనగర్‌లో మా అబ్బాయి షెడ్డు పక్కనే మెకానిక్కులున్నారు, అలాంటి గేర్‌బాక్సులు వాళ్ల బల్లల మీద విప్పి ఉండగా చూశాను.

ఇలా లాగడం ఎక్కడైనా కుదురుతుందా అంటే, కుదిరే చోటు చూశాను. మా అమ్మాయి వాళ్లు అమెరికాలో డెన్వర్‌లో ఉంటారు. అల్లుడికి జీపులంటే ప్రాణం. అక్కడివాళ్లు రాళ్ల దారుల్లో జీపు నడపడానికి యూటా రాష్ట్రంలో మోయాబ్ అనే ఊరికి వెళ్తారు. ఆ దారిలో ఐ-70 హైవే రాకీ పర్వతాలను దాటుతుంది. ఐజన్‌హోవర్ సొరంగం 11 వేల అడుగుల పైన ఉంది. సొరంగం దాటగానే పడమటి వైపు సుమారు రెండు వేల అడుగుల దిగుడు, వాలు వందకు ఏడు. ఆ దిగుడులో రోడ్డు పక్కన కొండ మీదికి ఎక్కే దారులు కట్టి వాటిలో లోతుగా గులకరాళ్లు పోశారు. బ్రేకులు పోయిన లారీ అందులోకి దూరితే రాళ్లలో కూరుకుపోయి ఆగుతుంది. ఎంత దూరంలో ఆ దారి ఉందో, వాలు ఇంకా ఎన్ని మైళ్లు ఉందో ముందు నుంచే బోర్డులు. కొండ ఎక్కేముందు డ్రైవరు చదువుకోవాల్సినవన్నీ రోడ్డే చెబుతుంది.

లోపలే వండుకుని పడుకునేలా ఇల్లులా కట్టిన పెద్ద బండ్ల (మోటారు హోమ్‌ల) వెనక జీపులను నాలుగు చక్రాల మీదే లాక్కుపోవడం అక్కడ రోజూ కనిపిస్తుంది. మా అల్లుడు ఒకదాన్ని ఆపి ఉన్నప్పుడు దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. తాడు కాదు, రెండు కొనల ఉక్కు బారు, జీపు ఛాసిస్‌కు బిగించి ఉంది. దాని కింద రెండు గొలుసులు అడ్డంగా వేసి ఉన్నాయి, బారు ఊడినా జీపు వదిలిపోకుండా. ముందు బండి బ్రేకు వేస్తే జీపు లోపల ఒక పరికరం తనంతట తాను జీపు బ్రేకును తొక్కుతుంది. రెండు బండ్లూ విడిపోతే జీపు దానంతటదే ఆగేలా ఒక సన్నటి తీగ, ఒక స్విచ్. జీపు వెనక లైట్లు ముందు బండితో కలిపి ఉన్నాయి. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో. ఇవన్నీ పెట్టినా డ్రైవరు చిన్న గేరులోనే దిగుతాడు. మూడు వేల పౌండ్లు, అంటే సుమారు 1360 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాల్సిందేనని అక్కడి చట్టం. వీటిలో ఒక్కటీ లేకుండా ఒక నైలాన్ తాడుతో మనం అదే పని చేస్తున్నాం.

అంత ఏర్పాటున్న చోట కూడా ఘోరం జరిగింది. 2019 ఏప్రిల్‌లో అదే ఐ-70 మీద, కొండలు దిగి డెన్వర్ వైపు వస్తున్న కలప లారీకి బ్రేకులు పోయాయి. లేక్‌వుడ్ దగ్గర ఆగి ఉన్న వాహనాలను గుద్దింది. నలుగురు చనిపోయారు. డ్రైవరు వయసు 23 ఏళ్లు. దారిలో ఉన్న గులకరాళ్ల దారిలోకి అతను వెళ్లలేదు. కోర్టు మొదట 110 ఏళ్ల శిక్ష వేసింది, తర్వాత గవర్నరు దాన్ని పదేళ్లకు తగ్గించారు. చనిపోయినవాళ్ల కోసం ఎంత బాధపడ్డానో ఆ కుర్రాడి కోసమూ అంత బాధపడ్డాను. కొండ దిగడం తెలియని వాడి చేతికి బరువు బండి ఇచ్చి పంపినవాళ్ల సంగతి ఎవరు అడుగుతారు?

లడఖ్‌కు జీపులు తీసుకెళ్లే మన పిల్లల కోసం ఇక్కడే ఇంకో మాట. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగినప్పుడల్లా టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పరికరం) లేని ఇంజిన్ సుమారు మూడు శాతం బలం పోగొట్టుకుంటుంది. ఖార్దుంగ్ లా 5,359 మీటర్లు. హైదరాబాద్‌లో స్నేహితుడి జీపును లాగిన బండి అక్కడ తనను తాను లాక్కోవడానికే ఆయాసపడుతుంది. నల్లమలలో ఈ బాధ లేదు, మన ఎత్తులు తక్కువ. కానీ దిగేటప్పుడు బ్రేకుకు నల్లమల అయినా రాకీలైనా ఒకటే.

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే స్పష్టంగా రాశారు. చెడిపోయిన బండిని దగ్గర్లోని గ్యారేజీకో పెట్రోలు బంకుకో చేర్చడానికే లాగాలి. లాగబడే బండిలో లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి, లేదా దాని ముందు చక్రాలు క్రేనుతో పైకి ఎత్తి ఉండాలి. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు. వెనక బండికి తెల్లటి పలక మీద 75 మిల్లీమీటర్లకు తగ్గని నల్ల అక్షరాలతో 'ఆన్ టో' (లాగబడుతున్న బండి) అని రాసి కట్టాలి. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు. ఇవి అప్పటి నియమాలు. 2017లో వాటి స్థానంలో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి, లాగడం గురించిన నియమాలు వాటిలోనూ ఉన్నాయి. శ్రీశైలం నుంచి హైదరాబాద్ దగ్గర్లోని గ్యారేజీ అవుతుందా? ఆ పలక కట్టిన బండిని నా సర్వీసులో నేను చూసిన గుర్తు లేదు. చెక్‌పోస్టులో ప్లాస్టిక్ సంచులు వెతికే సిబ్బందిని చూశాను, అది కూడా అవసరమే. తాడు కట్టిన బండిని ఆపి పక్కన పెట్టించడం మాత్రం చూడలేదు.

ఇప్పుడు గేటు సంగతి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మంచి నియమం, ఒక్క నిమిషం కూడా సడలించకూడదు. రాత్రి ఆ రోడ్డు జంతువులది. కానీ ఆదివారం సాయంత్రం కొండ మీద బండి చెడిపోయిన వాడి పరిస్థితి చూడండి. హైదరాబాద్ నుంచి ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తంగా బల్ల మీదికి ఎక్కించుకునే వ్యాను) బయల్దేరి రావడానికి ఐదారు గంటలు. అది వచ్చేసరికి గేటు మూస్తారు. అడవిలో చాలాచోట్ల ఫోనుకు సిగ్నల్ ఉండదు. జీపును రోడ్డు పక్కన వదిలేస్తే పొద్దున్నకు స్టెప్నీ, బ్యాటరీ ఉంటాయో ఉండవో అని భయం. సోమవారం ఆఫీసు. అప్పుడు స్నేహితుల బండిలోంచి తాడు బయటికి వస్తుంది, తొమ్మిదిలోపు దోమలపెంట చెక్‌పోస్టు దాటాలని ఘాట్‌లో పరుగు మొదలవుతుంది. ఈ పిల్లలు దుడుకువాళ్లు కాదు, చదువుకున్నవాళ్లే. బండిని రాత్రికి భద్రంగా వదిలే చోటు ఒకటి ఉండి ఉంటే ఆ రోజు ఆ తాడు కట్టేవాళ్లు కాదని వాళ్లతో మాట్లాడాక నాకు నమ్మకం కలిగింది.

కాబట్టి రెండు రాష్ట్రాల రవాణా, అటవీ, పోలీసు అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. సున్నిపెంటలో ఒకటి, దోమలపెంటలో ఒకటి, చెడిపోయిన బండ్లు రాత్రికి ఆపుకోవడానికి దీపం, కాపలా ఉన్న స్థలం చూపించండి. రుసుము తీసుకోండి, సంతోషంగా ఇస్తారు. సీజన్ రోజుల్లో ఒక ఫ్లాట్‌బెడ్‌ను అక్కడే ఉంచి, కిలోమీటరుకు ఇంత అని రేటు బోర్డు మీద రాయించండి. రేటు తెలియకే జనం వ్యాను పిలవడానికి భయపడుతున్నారు, ఆపదలో ఉన్నవాడి దగ్గర నోటికొచ్చింది అడిగే వ్యాను వాళ్లు ఉన్నారన్నది నిజం. దిగుడు మొదలయ్యే చోట కాస్త స్థలం వెడల్పు చేసి, ఇక్కడ ఆగి గేరు తగ్గించండి అని పెద్ద తెలుగు అక్షరాలతో రాయండి. ఎలివేటెడ్ కారిడార్ (స్తంభాల మీద కట్టే రోడ్డు) వస్తుందంటున్నారు, రానివ్వండి. అది వచ్చేదాకా జనం దిగేది ఈ ఘాట్‌లోనే కదా.

మా వ్యాను వాళ్లకూ చెప్పాల్సింది ఉంది. ఫ్లాట్‌బెడ్ మీదికి ఎక్కించగానే పని అయిపోలేదు. పెద్ద టైర్లు వేసి ఎత్తు పెంచిన జీపు ఆ బల్ల మీద ఇంకా ఎత్తుగా నిలబడుతుంది. మలుపులో బరువంతా పైన ఊగుతుంది. బెల్టులను జీపు బాడీకో ఛాసిస్‌కో కడితే స్ప్రింగులు ఊగినప్పుడల్లా అవి వదులవుతాయి. నాలుగు టైర్లకూ విడివిడిగా కట్టాలి, గేరులో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయాలి, కొద్ది దూరం పోయాక ఆగి మళ్లీ బిగించాలి. ఘాట్ మొదట్లో ఇంకోసారి చూడాలి. 7,500 కిలోలలోపు రవాణా బండ్లను మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఎంతోమంది డ్రైవర్లకు అన్నం పెట్టిన తీర్పు, నేను దాన్ని కాదనను. కాకపోతే నిన్నటిదాకా సిటీలో కారు నడిపినవాడు ఇవాళ జీపును నెత్తిన పెట్టుకుని శ్రీశైలం ఘాట్ దిగొచ్చు. వాడిని ముందు ఖాళీ వ్యానుతో, పక్కన పాత డ్రైవరును కూర్చోబెట్టి పంపే బాధ్యత యజమానులది. మా అబ్బాయికి ఇది నియమంగా పెట్టాను, పాటిస్తున్నాడు.

జీపులున్న పిల్లలకు నేను శత్రువును కాను. కొండలు చూడండి, బురదలో ఆడుకోండి. వెళ్లే ముందు మీ బండి పుస్తకంలో లాగడం గురించిన పేజీ చదవండి, ఫోనులో ఫొటో తీసుకోండి. ఇన్సూరెన్సులో రోడ్డు సాయం ఉందో లేదో, ఘాట్ ప్రాంతానికి వస్తారో లేదో శుక్రవారమే ఫోన్ చేసి కనుక్కోండి. జాతీయ రహదారి సాయానికి 1033 నంబరు ఉంది. బ్రేక్ ఆయిల్ మార్పించండి. సోమవారం సెలవు దొరకదనుకుంటే ఆదివారం కొండ దిగే పని పెట్టుకోకండి, శనివారమే తిరిగి రండి. బండి ఘాట్‌లోనే ఆగిపోతే మనుషులందరూ దిగి కొండ వైపు నిలబడండి, వెనక మలుపుకు అవతల త్రికోణం పెట్టండి, చక్రాలకు రాళ్లు పెట్టండి, ఒక మనిషిని సిగ్నల్ ఉన్న చోటికి పంపండి. తాడు అవసరమైతే రోడ్డు మధ్యలో ఉన్న బండిని పక్కకు జరపడానికి మాత్రం వాడి, వెంటనే విప్పేయండి.

జూలై, ఆగస్టుల్లో మళ్లీ నీళ్లు వస్తాయి, గేట్లు ఎత్తుతారు, హైదరాబాద్ సగం అటే కదులుతుంది. ఆ లోపు మిగతావి కుదరకపోయినా, మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల దగ్గరా సున్నిపెంట వైపూ తాడు కట్టిన బండిని ముందుకు పోనివ్వకుండా ఆపేందుకు ఒక మనిషిని, రాత్రికి ఆ బండి నిలిపేందుకు కొంత స్థలాన్ని ఏర్పాటు చేయించమని కోరుతున్నాను. అధికారులు ఎవరైనా ఆ స్థలాలు చూడ్డానికి వస్తే, ఏ మలుపు దగ్గర ఎంత వెడల్పుందో చూపించడానికి నా ఖర్చుతో నేను వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు,
ఎల్బీ నగర్, హైదరాబాద్